అడ్డం పెట్టిన చెయ్యి

మా ఇంట్లో మంచం కింద ఏముందో చెబితే మీరు నవ్వుతారు. నీటిరంగుల డబ్బాలు మూడు. నూనె రంగుల ట్యూబులు ఒక చెప్పుల పెట్టె నిండా ఉన్నాయి, సగం వాటికి మూతలు బిగుసుకుపోయి ఊడిరావు. బొగ్గు కడ్డీలు ఉన్నాయి, వాటిని ఒకసారి పక్కకి జరిపిన పాపానికి గోడల మీద ఇప్పటికీ నా వేళ్ళ గుర్తులున్నాయి. తడిగుడ్డలో చుట్టిపెట్టిన బంకమన్ను ఎప్పుడో ఇటుకైపోయింది. చెక్కమీద బొమ్మలు చెక్కే ఉలులు నాలుగు, వాటిలో ఒకటి మా ఆవిడ ఎడమ బొటనవేలికి మూడు కుట్లు వేయించింది. ఇదంతా ఒక్క ఏడాదిలో చేరిన సరుకు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మా ఆవిడకి బొమ్మల పిచ్చి పట్టుకుందని అందరితో చెప్పుకుని నవ్వేవాణ్ణి. పట్టుకోలేదు, తిరగబెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

నేను లిఫ్టులు బాగుచేసే మనిషిని. ఎక్కడో ఒక తీగ తెగితే, అదేదో దొరికేదాకా మిగతా తీగల జోలికి పోను. పది చోట్ల ఒకేసారి చెయ్యి పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆవిడ ఒక నెల పూలు, ఒక నెల పాత తాళాలు, ఒక నెల వానలో తడుస్తున్న సైకిళ్ళు వేస్తుంటే ఎన్నాళ్ళని ఊరుకోను.

“ఇంతకీ నువ్వు ఏం వేద్దామనుకుంటున్నావ్?” అని అడిగాను ఒకరోజు.

“తెలిస్తే అదే వేసేదాన్ని కదా,” అంది.

హాస్యమాడింది అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ చేసే పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక పొడుగాటి గదిలో, ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. డాక్టరు మనిషి నోటి అచ్చు తీసి పంపిస్తాడు. ఈవిడ అందులో ప్లాస్టర్ పోసి దవడని తయారుచేస్తుంది. దాని మీద గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ తెచ్చి నిలబెడుతుంది. పళ్ళ తెలుపులో పదహారు రకాలున్నాయని పెళ్ళయిన కొత్తలో చెబితే నేను నమ్మలేదు. క్లినిక్ నుంచి నమూనాల పట్టీ తెచ్చి, నా నోటి దగ్గర పెట్టి, నాది పదకొండో రకమని తేల్చింది.

మనిషి ఎదురుపడితే ఆవిడ చూపు ముందు నోటి మీదే పడుతుంది. మొదటిసారి కలిసినప్పుడు అంత శ్రద్ధగా చూస్తోంటే నేనేదో పెద్ద అందగాణ్ణనుకుని పొంగిపోయాను. కింది వరసలో ఎడమవైపు పన్ను కాస్త లోపలికి వాలి ఉందని నెల తర్వాత చల్లగా చెప్పింది. ఎక్కడ వంకర కనబడినా ఆవిడ వేళ్ళు ఊరుకోవు. పరాయివాళ్ళ ఇంట్లో క్యాలెండరు ఒరిగి ఉన్నా మాట్లాడుతూనే వెళ్ళి సరిచేసి వస్తుంది. అలా చేశానని కూడా ఆవిడకి గుర్తుండదు.

ఇక మా వదిన సంగతి చెప్పాలి. మా ఆవిడకి సొంత అక్క, నాలుగేళ్ళు పెద్ద. ఒక బట్టల కొట్లో కొలతలు తీసి గుడ్డ కత్తిరించేది. ఆ పెద్ద కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలి మొదట్లో కాయ కాసింది. నవ్వొచ్చే మాట ఏది వినబడినా ఆ కుడి చెయ్యి గబుక్కున నోటి మీదికి వచ్చేది. కళ్ళు నవ్వేవి, భుజాలు ఊగేవి, నోరు మాత్రం అరచెయ్యి వెనకే. నాకు పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయింది. అన్నేళ్ళలో నవ్వుతుండగా వదిన పళ్ళు నేను చూడలేదు. ఆవిడ పద్ధతి అది అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

పదిహేను నెలల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో వదిన పోయింది. ఆ తర్వాత రెండో నెలలో మా ఆవిడ ఆదివారాల డ్రాయింగు క్లాసులో చేరింది. బాధ మరిచిపోవడానికి ఏదో ఒకటి లే అని నేను అడ్డు చెప్పలేదు.

ఆ క్లాసు ఒక పాత టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. మాస్టారికి డెబ్బై దాటాయి, మాట బహు తక్కువ. ఈవిడ ప్రతి ఆదివారం కొత్త రంగులు, కొత్త కాగితం పట్టుకుపోయేది. ఏడెనిమిది నెలలు చూసి ఆయన ఒకరోజు నోరు విప్పాడట.

“చెయ్యి చాలా శుభ్రంగా ఉందమ్మా నీది. గీత తప్పదు. కానీ ఏ బొమ్మ దగ్గరా నువ్వు కుదురుగా కూర్చోవడం లేదు. ఎవరో తరుముతున్నట్టు లేచి వెళ్ళిపోతున్నావు. ఒక్క వస్తువు పట్టుకో. ఏడాది పాటు అదే వెయ్యి.”

ఇంటికి వచ్చి కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఏడాది పాటు చూసినా విసుగు పుట్టని వస్తువు ఏముంటుందని నన్నే అడిగింది. ఎదురుగా నేనున్నాను కదా అన్నాను.

“మిమ్మల్ని ఇరవై నాలుగేళ్ళు చూశాను. చాల్లెండి,” అంది.

సరిగ్గా అప్పుడే వదిన కూతురు వచ్చింది. ముప్పయ్యేళ్ళ పిల్ల, మందుల షాపులో పని, అప్పటికి అయిదో నెల. వచ్చి కూర్చుని, సంచిలోంచి ఒక కవరు తీసి, అందులోని ఫోటోలన్నీ బల్ల మీద పరిచింది. పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. అన్నిట్లోనూ వదిన పెదాలు గట్టిగా బిగించుకుని ఉంది.

“చూడు పిన్నీ. అమ్మ నవ్వుతున్న ఫోటో ఒక్కటి లేదు. ఇల్లంతా వెతికాను. అన్నీ పాసుబుక్కు మీద అతికించే మొహాలే. రేపు నా బిడ్డకి ఇవి చూపిస్తే, అమ్మమ్మంటే ఎవరో కోపిష్టి ఆవిడ అనుకుంటుంది. నువ్వు బొమ్మలు వేస్తున్నావు కదా. అమ్మ నవ్వుతున్నట్టు ఒక్కటి వేసిపెట్టవా.”

మా ఆవిడ మొహంలో రంగు మారడం నేను చూశాను. వేస్తానంది. ఆ పిల్ల వెళ్ళాక ఆ ఫోటోలు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆరు వారాలు పట్టింది ఆ బొమ్మకి. పొద్దున్నే లేచి క్లినిక్‌కి వెళ్ళేలోపు గంటన్నర, ఆదివారమైతే పూటంతా. కళ్ళు ఫోటోల్లోంచి తీసుకుంది, జుట్టు తీసుకుంది, మెడ దగ్గర మడతలు తీసుకుంది. నోరు మాత్రం తనే కల్పించాలి. పూర్తయ్యాక ఆ పిల్లని పిలిచాం. కిటికీ పక్కన కుర్చీలో బొమ్మని నిలబెట్టి, పైన కప్పిన గుడ్డ తీసింది మా ఆవిడ.

వదిన నవ్వుతోంది. చెయ్యి లేదు, ఏమీ లేదు, నోరారా నవ్వుతోంది. నాకు నిజంగా ఆనందమేసింది. ఏదో ఒకటి అనాలి కదా, ఆవిడ పనితనం తెలిసినవాణ్ణి కూడాను.

“పళ్ళ వరుస చూడమ్మా,” అన్నాను ఆ పిల్లతో, “ముత్యాలు పేర్చినట్టు ఎంత తీరుగా కుదిరిందో.”

మా ఆవిడ అప్పటిదాకా ఆ పిల్ల మొహం చూస్తోంది. నా మాట విని బొమ్మ వైపు తిరిగింది. తిరిగి అలాగే ఉండిపోయింది.

“బాగుంది పిన్నీ. చాలా బాగుంది,” అంది ఆ పిల్ల. రెండుసార్లు అనకుండా ఒక్కసారే అని ఉంటే నమ్మేవాళ్ళం. కాస్త ఆగి, మెల్లగా, “ఎవరో బాగా తెలిసినావిడలా ఉంది,” అంది. తర్వాత టీ తాగింది, నా లిఫ్టుల గురించి అడిగింది, వెళ్ళేటప్పుడు బొమ్మ సంగతి ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మేమూ చుట్టి ఇవ్వలేదు.

తలుపు వేశాక మా ఆవిడ ఒక్క మాట అంది.

“పన్ను.”

“ఏ పన్ను?”

“అక్క పన్ను. పై వరసలో ముందుది. పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. వంకరగా ఉంటుంది. నేను దాన్ని సరిచేసేశాను. ఆరు వారాలు ఎదురుగా పెట్టుకుని చూశాను, సరిచేశానని నాకే తెలియలేదు. మీరంటే తెలిసింది.”

నాలుక కరుచుకున్నాను. కానీ నాకు విషయం ఇంకా పూర్తిగా ఎక్కలేదు. పన్నే కదా, మళ్ళీ వంకరగా వేస్తే పోయె అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

మర్నాడు సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, సంచిలోంచి పాత న్యూస్‌పేపర్లో చుట్టినదేదో తీసి నా ముందు పెట్టింది. విప్పితే ప్లాస్టర్ దవడ. పైవరస. ముందువైపు ఒక పన్ను ఉండాల్సిన చోట ప్లాస్టర్ లేదు, మైనంతో కట్టిన పన్ను ఉంది. చక్కగా, నిటారుగా ఉంది.

“ఇది అక్క నోరు,” అంది.

తొమ్మిదేళ్ళ కిందట అక్కని బతిమాలి క్లినిక్‌కి తీసుకెళ్ళిందట. ఆ పన్ను సరిచేయిద్దాం, నువ్వు ఒక్కసారి అచ్చు ఇవ్వు చాలు అంది. డాక్టరు అచ్చు తీశాడు. అలాంటప్పుడు వీళ్ళ పనిలో ఒక పద్ధతుంది. ఆ అచ్చులో రెండుసార్లు ప్లాస్టర్ పోసి రెండు దవడలు చేయాలి. ఒకదాని మీద వంకర పన్ను అరగదీసి, మైనంతో కొత్తది కట్టి, తర్వాత ఎలా ఉంటుందో మనిషికి చూపిస్తారు. రెండోదాన్ని ముట్టుకోరు. ఉన్నది ఉన్నట్టుగా దాచిపెడతారు.

“కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజు నేను నేర్పేదే అది. రెండు పోయాలి, ఒకటి ముట్టుకోకూడదు అని. అక్కది మాత్రం ఒక్కటే పోశాను. ఉన్నది ఉన్నట్టు ఎవరికి కావాలి అనుకున్నాను. దాన్నే అరగదీశాను.”

“మరి వదిన ఏమంది?”

“చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘బాగుందే పొట్టీ, ఎవరిదిది?’ అంది. నీదే అన్నాను. నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. నాకెందుకులే ఇప్పుడు అని వెళ్ళిపోయింది.”

ఆ దవడని ఆవిడ వేలితో మెల్లగా తడుముతోంది. అప్పుడు చెప్పింది మిగతాది, ఇరవై నాలుగేళ్ళూ నాకు చెప్పనిది.

తనకి పదకొండేళ్ళు, అక్కకి పదిహేను. ఆ వయసులో చేతికి ఏది దొరికితే దాని మీద బొమ్మ వేసేదట, ఇంట్లో తెల్లగా కనబడే గోడ ఉండేది కాదట. ఒకరోజు అక్క స్నేహితురాళ్ళు నలుగురు ఇంటికొచ్చారు. వాళ్ళని నవ్విద్దామని, పాత క్యాలెండరు కాగితం వెనక అక్క బొమ్మ వేసింది. మొహం చిన్నది, ఆ ముందు పన్ను మాత్రం తలుపంత. నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. అక్క కూడా నవ్వింది, అందరితో పాటే, నోరు తెరిచి. నవ్వుతూ నవ్వుతూ చూస్తే నలుగురి కళ్ళూ తన నోటి మీదే ఉన్నాయి. అప్పుడు లేచింది ఆ చెయ్యి. ఆ కాగితం వాళ్ళు పట్టుకుపోయి మర్నాడు క్లాసులో నల్లబల్లకి అంటించారు.

“నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ తియ్యలేదు. నేను పెన్సిల్ పక్కన పడేశాను. ఈ పళ్ళ పని నేర్చుకుంది కూడా, ఆ ఒక్క పన్ను కోసమేనేమో, ఆలోచిస్తే ఇప్పుడనిపిస్తోంది.”

నాకు ఓదార్చడం రాదు. పనికొచ్చే మాట చెబుదామనుకున్నాను. “ఆ పిల్లని అడగరాదూ. తల్లి పన్ను ఎలా ఉండేదో తనకి తెలియదా?”

“ఏమని అడగను? మీ అమ్మ పన్ను ఆనవాలు లేకుండా అరగదీశాను, ఎలా ఉండేదో నువ్వు చెప్పు అనా?”

“నీకు గుర్తులేదా?”

“ఆ రోజు డాక్టరు పక్కన నిలబడి అక్క నోట్లోకి చూశాను. సరిచేయాల్సింది ఎంతుందో చూశాను. అక్కని చూడలేదు.”

సరుకంతా మంచం కిందికి చేరింది ఆ వారమే. అంతకుముందు కిటికీ దగ్గర ఒక బల్ల నిండా ఉండేవి. ఆ బొమ్మని గోడ వైపు తిప్పి బీరువా వెనక పెట్టింది. ఆదివారాలు క్లాసు మానేసి బట్టలు ఉతికింది, ఉతికినవే ఉతికింది. పదేళ్ళుగా ఒక్క తప్పు చేయని మనిషి, వారంలో రెండు పళ్ళ సెట్లు, పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవక, వెనక్కి తెచ్చుకుంది. నేను ఏదైనా అడిగితే పొడి పొడిగా జవాబు. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకి ఉలుకూ పలుకూ లేదు, ఇద్దరం ఒక ఇంట్లో ఇద్దరు అద్దెదార్లలా తిరిగాం. ఆ పిల్ల ఫోన్ చేస్తే నాతోనే మాట్లాడించేది. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఈ బొమ్మలు మొదలుపెట్టకుండా ఉంటే పోయేది అనుకున్నాను, ఒకసారి పైకే అన్నాను.

“అవును, ఉంటే పోయేది,” అంది.

అలా నెలకి పైగా గడిచింది. ఒక సాయంత్రం ఇంటి తాళంచెవి కోసం ఆవిడ సంచిలో చెయ్యి పెడితే కాగితం ముక్కల కట్ట ఒకటి తగిలింది. క్లినిక్ చీటీలు. ఒకవైపు పేరు, తేదీ, పన్ను రంగు నెంబరు రాసి ఉంటాయి, పనయ్యాక పారేసేవి. వెనకవైపు తిప్పితే పెన్సిల్‌తో చేతులు. మొదటిదాంట్లో చెయ్యి, రెండోదాంట్లో చెయ్యి, నలభై చీటీలుంటాయి, అన్నిట్లోనూ చెయ్యే. ప్రతి చెయ్యీ ఏదో ఒక నోటికి అడ్డంగా ఉంది.

మనిషికి మతి తప్పుతోందనుకున్నాను. వంటగదిలోకి వెళ్ళి ఆ కట్ట చూపించి, ఇదేమిటన్నాను.

ఆవిడ నా చేతిలోంచి కట్ట తీసుకుని ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. “పళ్ళు పోయినవాళ్ళు మైనం సెట్టు పెట్టి చూసుకోవడానికి వస్తారు కదా. అందరూ ఇలాగే వస్తారు. ఇదిగో, ఈయన బస్సు కండక్టరు, వేళ్ళు నాలుగూ దగ్గరగా, గట్టిగా మూస్తాడు. ఈవిడ టీచరు, ఉత్త చూపుడువేలు చాలనుకుంటుంది, చాలదు. ఈయన ఆలోచిస్తున్నట్టు గడ్డం పట్టుకుంటాడు, అలాగే పైకి పాకుతుంది. ఇరవై ఆరేళ్ళ నుంచి, ‘చెయ్యి కాస్త తియ్యండి’ అని చెప్పడమే నా పని. చెయ్యి తీస్తే గానీ నాకు కావాల్సింది కనబడదు. మొన్నొకరోజు చెప్పడం మరిచిపోయాను. ఊరికే చూస్తూ కూర్చున్నాను.”

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆ నెల రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతులో ప్రాణం ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని అన్నీ చూశాను. బొమ్మల గురించి నాకేం తెలియదు. కానీ ఆ చీటీల్లో మనుషులు కనబడ్డారు. మొహం లేకపోయినా ఫలానా ఆయన సిగ్గరి, ఫలానా ఆయన గర్విష్టి అని నేను కూడా చెప్పగలిగాను. పూలూ తాళాలూ సైకిళ్ళూ వేసిన చెయ్యి ఇదేనా అనిపించింది.

ఆదివారం ఆ చీటీలు పట్టుకుని క్లాసుకి వెళ్ళింది. మాస్టారు వాటిని పేకముక్కల్లా ఒక్కొక్కటే తిప్పుతూ కూర్చున్నాడట. మెచ్చుకోలేదట. చివరి చీటీ అయ్యాక, “వచ్చేవారం కూడా ఇవే తీసుకురా,” అన్నాడట. ఆవిడకి అది చాలు. రంగులు అడగలేదు, కొత్త కాగితం అడగలేదు. ఒక పెన్సిలు, ఒక రబ్బరు, చీటీలు. బస్సులో వేసింది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత మీద పెట్టుకుని వేసింది.

ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున, పెద్ద కాగితం ముందు కూర్చుని వదినని వేసింది. అక్కడ నేను లేను, పనిలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి బొమ్మ గోడకి ఆనించి ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది వదిన. కళ్ళు సగం మూతలు పడ్డాయి, ఒక భుజం పైకి లేచి ఉంది, బొటనవేలి మొదట్లో ఆ కత్తెర కాయ. నేను చెప్పులు విప్పకుండానే నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇంటికి ఎప్పుడొచ్చినా నా మీద ఏదో ఒక హాస్యం ఆడి, వెంటనే ఆ చెయ్యి పెట్టుకునే మనిషి అలాగే ఎదురుగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ ఆదివారం ఆ పిల్లని పిలిచాం. తొమ్మిదో నెల, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఈసారి గుడ్డ కప్పలేదు. గుమ్మంలోంచే చూసింది.

“అమ్మే,” అంది.

దగ్గరికి వెళ్ళి, ఆ కాయ మీద వేలు పెట్టి, నిలబడే ఏడ్చింది. మా ఆవిడ పట్టుకుని కూర్చోబెట్టింది. తనూ కళ్ళు తుడుచుకుంది. ఎన్నో ఏళ్ళ బరువు దిగిన మనిషిలా కనబడింది నాకు. ఇక్కడితో కథ సుఖంగా అయిపోయిందనే నేననుకున్నాను. టీ పెడదామని లేచాను కూడా.

“కానీ పిన్నీ,” అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ, “చెయ్యెందుకు అడ్డం పెట్టావ్?”

“అక్క అలాగే కదమ్మా నవ్వేది.”

“నీ ముందు.”

మా ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

“మా ఇంట్లో అమ్మ నవ్వితే కింద వాటావాళ్ళు ఏమైందని పైకొచ్చేవాళ్ళు. కొట్లో కూడా అంతే, నోరంతా తెరిచి నవ్వేది. ఫోటో తీస్తామంటే మూసేసుకునేది. ఇక నువ్వొస్తే సరేసరి. మెట్ల మీద నీ అడుగుల చప్పుడు వినబడితే చాలు, చెయ్యి సిద్ధం. ఎందుకమ్మా, పిన్నేగా అని అడిగాను ఒకసారి. ‘దానికి నా పన్ను కనబడితే మొహం చిన్నబోతుందే, ఎందుకు దాన్ని బాధపెట్టడం’ అంది.”

మా ఆవిడ తన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. లోకం మొత్తానికి అక్క నవ్వు లేకుండా చేశానని ముప్పై ఏడేళ్ళు కుమిలిపోయింది. లోకానికి ఆ నవ్వు దొరుకుతూనే ఉంది. దొరకనిది తనొక్కతికే, తనతో పాటు నాకు. దీనికి ఊరట పడాలో ఇంకా ఏడవాలో ఆవిడకి తెలియలేదని నాకు తెలుస్తోంది.

తర్వాత ఆవిడ క్యాలెండరు కాగితం సంగతి చెప్పింది. ఏమీ దాచకుండా, తలుపంత పన్నుతో సహా, నల్లబల్లతో సహా, అరగదీసిన దవడతో సహా చెప్పింది. ఆ పిల్ల ఇవేమీ ఎరగదు. వింటున్నంతసేపూ మొహం గట్టిగా పెట్టుకుంది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి కదా పిన్నీ అనలేదు. పోనీలే అని కూడా అనలేదు. తల్లి తరఫున కోపం తెచ్చుకునే హక్కు ఆ పిల్లకుంది, తెచ్చుకుంది, నేను తప్పు పట్టను. చివరికి ఒక్కటే అడిగింది.

“ఆ బొమ్మలో పన్ను సరిగ్గా వేశావా?”

“అది పెద్దగా వేశాను. కానీ ఎలా ఎక్కి ఉంటుందో, ఎటు తిరిగి ఉంటుందో, సరిగ్గా వేశాను. అందుకే అంత నవ్వారు.”

“అయితే మళ్ళీ వెయ్యి.”

“నాకిప్పుడు రాదమ్మా. నా చెయ్యి దాన్ని సరిచేసేస్తుంది.”

“నేను చెబుతాను, వెయ్యి,” అని ఆ పిల్ల తన మధ్యవేలిని చూపుడువేలి మీదికి ఎక్కించి పైకెత్తి పట్టుకుంది. “ఇదిగో. ఇలా. ఎడమది కుడిదాని మీదికి. కొస మాత్రం బయటికి.”

మా ఆవిడ కొత్త కాగితం తీసుకుంది. పెన్సిల్ పట్టుకునే ముందు రబ్బరు తీసి నా చేతిలో పెట్టింది. “ఇది నేనడిగినా ఇవ్వకండి,” అంది. గుప్పిట్లో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.

మొదట పెదాలు వేసింది, తర్వాత పళ్ళు.

“ఇంకా వంకర పిన్నీ.”

రెండో కాగితం.

“ఇంకా ఎక్కాలి. భయపడుతున్నావు నువ్వు.”

రబ్బరు కోసం ఆవిడ చెయ్యి నా వైపు చాచింది, నేను ఇవ్వలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని మూడో కాగితం మొదలుపెట్టింది. ఈసారి ఆగకుండా గీసింది, కింది పెదవి దాకా ఒక్క ఊపున వెళ్ళిపోయింది. ఆ పిల్ల వంగి చూసి, పొట్ట పట్టుకుని, ఒక్కసారిగా పెద్దగా నవ్వేసింది. చెంపల మీద కన్నీళ్ళు ఇంకా ఆరనేలేదు. మా ఆవిడ తలెత్తి ఆ పిల్లని చూసింది, మళ్ళీ కాగితం చూసింది. నేనూ వెళ్ళి చూశాను. ఇరవై నాలుగేళ్ళుగా తెలిసిన మా వదిన పన్ను నేను చూడటం అదే మొదటిసారి.